అమ్మను తీసేయండి

"నా నవల్లో పిల్ల తల్లిని రెండో పేజీలోనే పడవ ముంచి చంపేశాను," అంది టామ్సిన్, రొట్టె మీద వెన్న రాసుకుంటూ.

"మరి తండ్రి?" అన్నాడు గోర్డన్.

"అదే పడవలో. ఇద్దరికీ ఒకటే తుఫాను. ఎందుకు దండగ?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. గోర్డన్ ఒహాయోలో పళ్ళ డాక్టరుగా చేసి మానేసిన మనిషి. నోరారా నవ్వుతాడు, పళ్ళు చూపించడానికే నవ్వినట్టుంటుంది. "నాకంత గుండె లేదు," అన్నాడు. "నా దాంట్లో అమ్మ అంటార్కిటికాలో పెంగ్విన్లు లెక్కపెడుతోంది. చంపడానికి చేతులు రాక ఉద్యోగం ఇప్పించాను."

"పిరికివాడివి. పెంగ్విన్ల దగ్గర ఫోను ఉండదా? పిల్లవాడికి కష్టమొస్తే అమ్మకి ఫోను చేయడా?"

"తీగలు తెగిపోయాయి."

"ఆ తీగలు తెగే బదులు ఆవిడే పోతే సరిపోయేదిగా!"

మళ్ళీ నవ్వులు. ఆల్డెన్ నవ్వలేదు. బీన్స్ చల్లారిపోయాయి. తినకుండానే పళ్ళెం తీసుకెళ్ళి ఎంగిలి గిన్నెలు పెట్టే కిటికీలో పెట్టి, కోటు తొడుక్కుని మంచులోకి నడిచాడు. ఆయన వెళ్ళినట్టు ఎవరూ గమనించలేదు. ఆయనా అలాగే కూర్చుని ఉన్నాడు అంతసేపూ, గమనించడానికి వీల్లేకుండా.

పిల్లలకు పుస్తకాలు రాయడం నేర్పే చదువు అది. ఏడాదికి రెండుసార్లు, జనవరిలోనూ జూలైలోనూ, ఈ కొండమీది కాలేజీకి వచ్చి కొద్దిరోజులు ఉండాలి. మిగతా కాలమంతా ఎవరింట్లో వాళ్ళు కూర్చుని రాసి, నెలకో ప్యాకెట్టు గైడుకు పంపాలి. మామూలు కాలేజీ పిల్లలు సెలవులకు ఇళ్ళకు పోతే వాళ్ళ గదులు వీళ్ళకిస్తారు. ఆల్డెన్‌కు ఇచ్చిన గదిలో గోడ మీద ఎవరో కుర్రాడు అంటించిన గిటారు బొమ్మ ఉంది. మంచం పొట్టిది. పాదాలు బయటకు వేలాడతాయి.

అక్కడ చేరినవాళ్ళలో టీచర్లున్నారు, లైబ్రరీ వాళ్ళున్నారు, పిల్లలు పెద్దవాళ్ళై తీరిక దొరికిన అమ్మలున్నారు. ఆల్డెన్ మెయిన్ రాష్ట్రంలో ఓ కొండ ఊరివాడు. ఒకే గది, ఒకే పొయ్యి, ఒకే పంతులమ్మ ఉన్న బడిలో చదివాడు. తర్వాత పక్క ఊరి హైస్కూలుకు కొన్నాళ్ళు పోయి మానేశాడు. చలికాలమంతా ఊరి రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపాడు, మంచు లేనప్పుడు గుంటలు పూడ్చాడు. డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోయినా రాసిన పేజీలు చూసి ఒకరిద్దరిని తీసుకుంటారని ఊరి లైబ్రరీలో ఆవిడ చెబితే పంపాడు. తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో ఆయనకు ఇప్పటికీ అర్థం కాలేదు.

వేలికి ఉంగరం ఉంది. భార్య పోయిందని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలిగా తల పక్కకు వాలుస్తారు. చెయ్యి మీద చెయ్యి వేస్తారు. అది ఆయనకు పడదు. వెర్నా చనిపోయిన వారం ఊళ్ళో ఇంటింటి నుంచీ గిన్నెల్లో కూరలు వచ్చాయి. ఆ తర్వాతి వారం గిన్నెల కోసం వచ్చారు. ఆ పైన ఎవరూ రాలేదు.

ఆ మధ్యాహ్నం వర్క్‌షాపులో ఆయన వంతు. ఆ గదికి ఒక నియమం ఉంది. ఎవరి రాత గురించి మాట్లాడుతున్నారో వాళ్ళు నోరు విప్పకూడదు. అవునని తలూపకూడదు, కాదని కనుబొమ ఎగరేయకూడదు. పేరు కూడా పలకరు, "రచయిత" అంటారు. మనిషి ఎదురుగా కూర్చుని ఉండగానే, శవం చుట్టూ చేరి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటారు.

ఆల్డెన్ రాసింది నాట్ అనే పిల్లవాడి కథ. వాడికి పదేళ్ళు. రెండు కోడెదూడలు, స్టార్, బ్రైట్. సెప్టెంబరులో జరిగే పశువుల పోటీ నాటికి వాటికి కాడి కింద నడవడం నేర్పాలి. బ్రైట్ మొండిది. బురదలో పడుకుంటుంది, లేవదు. అప్పుడు నాట్ వాళ్ళమ్మ ఇంట్లోంచి వస్తుంది. వేలికి బెల్లప్పాకం రాసుకుని దూడ మూతికి అందిస్తుంది, చెవిలో సన్నగా పాడుతుంది. దూడ లేస్తుంది. కాడి విరిగితే అమ్మ బాగుచేస్తుంది. వాడు ఏడిస్తే అమ్మ కన్నీళ్ళు తుడుస్తుంది. ఆల్డెన్ రాసిన పేజీలన్నిటిలోనూ, ప్రతి పేజీలోనూ ఆమె ఉంది. ఆమె కోసమే ఆ పేజీలు రాశాడు.

"భాష బాగుంది," అని మొదలుపెట్టాడు గోర్డన్. వీళ్ళు తన్నేముందు అలాగే అంటారు. "దూడల సంగతి రచయితకు బాగా తెలుసు. కానీ నాట్ ఏం చేస్తున్నాడు? దూడ పడుకుంటే అమ్మ, కాడి విరిగితే అమ్మ. వాడు టికెట్టు కొనుక్కుని వచ్చినట్టు పక్కన నిలబడి చూస్తున్నాడు."

"ఈ అమ్మకి కోపం రాదా?" అంది టామ్సిన్. "ఎప్పుడూ? పొయ్యి మీద పాలు పొంగినా? మా అమ్మ నా మీదికి అట్లకాడ విసిరింది. ఇదుగో, మచ్చ." గడ్డం ఎత్తి చూపించింది. "అయినా మా అమ్మంటే నాకిష్టమే. ఈమె ఎవరో నాకు తెలియడం లేదు. ఈమెకు చెమట పట్టదు."

అందరి కళ్ళూ బ్రిజిడ్ వైపు తిరిగాయి. బ్రిజిడ్ హాలరన్ టీచరు, ఆ సెమిస్టరుకు ఆల్డెన్ గైడు కూడా ఆమే. పొట్టి మనిషి, ఊలు శాలువా, ఎప్పుడూ జలుబు. పిల్లల పుస్తకాలు చాలానే రాసింది.

"రచయితకు ఈ తల్లి మీద ప్రేమ ఉంది," అంది. "అది దాగదు. కానీ పుస్తకం పిల్లవాడిది. పెద్దవాళ్ళు వచ్చి కష్టం తీరిస్తే చదివే పిల్లవాడికి పుస్తకంలో చోటే ఉండదు. అమ్మను తీసేయండి."

ఇక అందరికీ హుషారొచ్చింది.

"జ్వరం?"

"పాత పద్ధతి. ఆసుపత్రిలో పెడితే?"

"కథ మొదలయ్యేసరికే పోయి ఉంటే? ఆ చలికాలమే పోయింది. దూడలు ఆమె కొన్నవి. అప్పుడు బ్రైట్ బురదలో పడుకుంటే..."

"అబ్బా," అంది ఒకావిడ, గుండె మీద చెయ్యి వేసుకుని. "దూడ కూడా దుఃఖంలో ఉంది!"

పెన్నులు పరుగెత్తాయి. వెచ్చగా ఉన్న ఆ గదిలో, మంచి మనసున్న మనుషులు, ఆయన మేలు కోరి, ఆమెను ఒక్కో రకంగా చంపి చూశారు. ఆల్డెన్ పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. మొహంలో ఏమీ కదలనివ్వలేదు. మంచు తుఫానులో లారీ నడిపినవాడికి అదేమంత కష్టం కాదు.

"ఇప్పుడు రచయిత మాట్లాడవచ్చు," అంది బ్రిజిడ్ చివర్లో.

రచయిత అప్పుడు థాంక్స్ చెప్పాలి. అదొక ఆచారం.

"థాంక్స్," అన్నాడు ఆల్డెన్. పేజీలు దగ్గరికి లాక్కున్నాడు.

మర్నాడు బ్రిజిడ్ గదిలో ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ, "నిన్న మీకు కష్టమనిపించింది," అంది.

"లేదు."

"సరే, లేదు. ఇది మీ మూడో సెమిస్టరు. వచ్చేది ఆఖరిది. జూలైకి పుస్తకం నిలబడితేనే నేను సంతకం పెట్టి ఆఖరిదానికి పంపేది. ఇలాగే ఉంటే పంపను. మీకు ముందే చెప్పడం న్యాయం."

"ఆమె ఉంటుంది."

"ఆమె ఉంటే పుస్తకం ఉండదు, ఆల్డెన్."

"మీ పుస్తకాల్లో అమ్మలు ఎంతమంది పోయారు?"

బ్రిజిడ్ ఆలోచించింది. "అందరూ," అంది. "ఒకామె మాత్రం జైల్లో ఉంది."

ఆమె నవ్వింది, ఆయన నవ్వలేదు. లేచి తలుపు దాకా వెళ్ళాక ఆమె వెనకనుంచి, "ఆమె ఎవరు?" అని అడిగింది.

"కథలో అమ్మ," అన్నాడు.

ఇంటికి చేరేసరికి నీళ్ళ గొట్టం గడ్డకట్టి ఉంది. దాన్ని కరిగించుకున్నాడు. పొయ్యి రాజేసుకున్నాడు. బూట్లు విప్పకుండానే వంటింట్లో తిరిగాడు. అది వెర్నా పోయాక పట్టిన అలవాటు. ఆమె ఉన్నప్పుడు గుమ్మం దగ్గర గోనెపట్టా మీద పాదాలు తుడుచుకోనిదే రాజైనా లోపలికి వచ్చేవాడు కాదు. గోనెపట్టా ఇంకా అక్కడే ఉంది. పొడిగా ఉంది.

వాళ్ళకు పిల్లలు లేరు. పుట్టలేదు. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ ఊళ్ళో అలాంటివి మాట్లాడుకోరు. వెర్నా ఊరిబడిలో వంట చేసేది. బడి పిల్లలందరికీ ఆమె అంటే హడల్. ఆమె పోయిన తర్వాతి చలికాలం ఆల్డెన్ కాగితం ముందు పెట్టుకుని కూర్చుని ఆమెకొక కొడుకుని రాశాడు. తప్పేముంది? కాగితం మీద ఎవరికి ఎవరు పుట్టినా అడిగేవాడు లేడు, అనుకున్నాడు. ఇప్పుడు ఒకరు కాదు, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ అడుగుతున్నారు.

ఫిబ్రవరి ప్యాకెట్టుకు గడువు దగ్గరపడింది. ఆయన మొండివాడే కానీ సోమరి కాదు. చెప్పిన పని చేసి చూడకుండా కాదనడు. కూర్చుని రాశాడు: "నాట్ తల్లి ఆ చలికాలం పోయింది." ఒక్క వాక్యం. తర్వాత మిగతా పేజీలు తిరగేసి ఆమె ఉన్న ప్రతిచోటా కొట్టేశాడు. ఒక పూట పని. పెరట్లో చెట్టు కొట్టేస్తే ఆకాశం ఎక్కువ కనిపించినట్టు, కథ తేలికైంది. నాట్ అటూ ఇటూ కదిలాడు. బ్రైట్ చెవి పట్టుకున్నాడు. ఏదో చేశాడు.

పంపాడు. వారం తిరక్కుండానే బ్రిజిడ్ ఫోను చేసింది. "ఆల్డెన్! ఇదీ పుస్తకం! ఆ మొదటి వాక్యం! ఏ అలంకారమూ లేదు. గుండె ఆగిపోయింది నాకు."

"అలాగా," అన్నాడు.

"ఇలాగే సాగండి."

సాగలేదు. పొద్దున్నే బల్ల ముందు కూర్చునేవాడు. నాట్ కొట్టం దగ్గరికి పోయేవాడు. ఇంట్లోంచి ఏ చప్పుడూ వచ్చేది కాదు. ఆల్డెన్‌కు ఇంట్లోనూ అదే, కాగితం మీదా అదే. రెండు ఖాళీ ఇళ్ళు కాపలా కాయడం ఆయన వల్ల కాలేదు. మార్చి ప్యాకెట్టు పోలేదు. మంచు కరిగి రోడ్లన్నీ బురదయ్యాయి. వెర్నా పోయింది అలాంటి బురద రోజుల్లోనే. శవపేటిక బండి చక్రం దిగబడిపోతే ఆల్డెనే దిగి పలకలు వేసి తోశాడు. నల్ల కోటుతోనే.

ఏప్రిల్‌లో బ్రిజిడ్ మళ్ళీ ఫోను చేసింది.

"ప్యాకెట్టు రాలేదు."

"రాయలేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి? అంత బాగా వచ్చిందే! దారి దొరికాక ఆగిపోతారా ఎవరైనా?"

"ఆమెను ఒకసారి పూడ్చాను," అన్నాడు ఆల్డెన్. "అది చాలు. మీ సంతకం కోసం రెండోసారి పూడ్చను."

అవతల ముక్కు చీదడం ఆగింది.

"ఎప్పుడు?" అంది బ్రిజిడ్.

"మీ చదువులో చేరకముందు."

"చెప్పలేదేం?"

"నోరు విప్పకూడదన్నారుగా."

"అది వర్క్‌షాపులో..." అని ఆగింది. "మేమంతా బల్ల చుట్టూ కూర్చుని... అయ్యో దేవుడా. క్షమించండి, ఆల్డెన్."

ఆయనకు క్షమించే ఉద్దేశం లేదు. బయట కప్పు మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఇంకెవరైనా అయితే అక్కడితో ఫోను పెట్టేసేవారు. బ్రిజిడ్ పెట్టలేదు.

"ఇంకొక మాట అంటాను. తిట్టుకుంటారేమో, తిట్టుకోండి. మీరు రాసినామె ఆవిడ కాదని నా అనుమానం."

"నీకేం తెలుసు ఆమె గురించి?"

అంతవరకూ మీరు అన్న మనిషి నువ్వు అన్నాడు. బ్రిజిడ్ పట్టించుకోలేదు.

"ఏమీ తెలియదు. తెలుసుకుందామని ఆ పేజీలన్నీ వెతికాను. బెల్లప్పాకం కనబడింది, పాట కనబడింది, మనిషి కనబడలేదు. ఒక్కటి చెప్పండి. ఆవిడకు కోపమొస్తే ఏం చేసేది?"

ఆల్డెన్ ఫోను పెట్టేశాడు.

వంటింటి మధ్యలో నిలబడ్డాడు. ఒళ్ళంతా మండింది. కోపమొస్తే ఏం చేసేదట! వెర్నాకు కోపం రావడం ఏమిటి, కోపంలోంచి ఆమె ఎప్పుడో గాని బయటకు వచ్చేది కాదు. పొద్దున లేవగానే వాతావరణం మీద కోపం. రొట్టె పొంగకపోతే పిండి మీద కోపం. ఆఖరి రోజుల్లో దిండు సర్దబోతే చెయ్యి విదిలించి, "చచ్చేది నేను. హడావిడి నీదేమిటి? పో, ఆ కట్టెలన్నా కొట్టుకో," అంది. పోయి కట్టెలు కొట్టాడు. తిరిగొచ్చేసరికి నిద్రపోతోంది. ఆ కట్టెలు ఆ ఏడాదంతా వచ్చాయి.

బెల్లప్పాకం వేలికి రాసుకుందా ఆమె? దూడ నాకిన చెయ్యి ఆరుసార్లు కడుక్కునే మనిషి. పాటా? చర్చిలో కూడా పెదవులు కదిపి ఊరుకునేది.

మరి ఆ పేజీల్లో ఉన్నది ఎవరు?

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గిన్నెలు తెచ్చినవాళ్ళు గుమ్మంలో అన్న మాటలు గుర్తొచ్చాయి. ఎంత మంచి మనిషి, ఎంత చల్లని తల్లి అన్నారు. ఒక్కటీ ఆమెను నిజంగా ఎరిగి అన్న మాట కాదు. అప్పుడు వాళ్ళను చూసి పళ్ళు నూరాడు. తను రాసింది కూడా అదే. వాళ్ళు గుమ్మంలో నిలబడి అన్నారు, తను వందల పేజీలు అన్నాడు. వర్క్‌షాపువాళ్ళు చంపడానికి అందులో ఎవరూ లేరు.

ఆ సంగతి వాళ్ళు చెప్పి ఉండటం ఆయనకు నచ్చలేదు. ఆ మచ్చ ఉన్న పిల్ల చెప్పి ఉండటం అసలే నచ్చలేదు.

వెర్నా ఉన్న రోజుల్లో ఒకసారి బడిలో ఏదో కుళాయి దగ్గర మంచు తీయడానికి వెళ్ళి, భోజనాల వేళ వంటగది తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒక చిన్నవాడు పాలడబ్బా మూత రాక ఏడుస్తూ వెర్నా దగ్గరికి వచ్చాడు. ఆమె గరిటె దించలేదు. "చేతులు రెండున్నాయి, నోరు ఒకటుంది. ముందు చేతులు వాడు," అంది. వాడు వెక్కుతూ వెళ్ళిపోయాడు. ఆమె సూపు కలుపుతూనే ఉంది. కానీ కళ్ళు కిటికీలోంచి వాడి బల్ల మీదే ఉన్నాయి. గరిటె ఒకే చోట తిరుగుతోంది, సూపు అడుగంటుతోంది. వాడు పంటితో కొరికి, గోటితో గీకి, చివరికి మూత తెరిచాడు. పాలు సగం చొక్కా మీద పోసుకున్నాడు. వెర్నా అప్పుడు వెళ్ళి, ఏమీ అనకుండా, వాడి పళ్ళెంలో ఇంకో రొట్టెముక్క పడేసి వచ్చింది. తలుపులో మొగుణ్ణి చూసి, "ఏం చూస్తున్నావు? నీకు పని లేదా?" అంది.

ఆల్డెన్ కాగితం ముందు పెట్టుకున్నాడు.

నాట్ తల్లి ఆ చలికాలం పోలేదు. వరండాలో కుర్చీ వేసుకుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. బ్రైట్ బురదలో పడుకుంది. నాట్ లాగాడు, తోశాడు, బతిమాలాడు, చివరికి అమ్మ వైపు చూశాడు.

"నన్నేం చూస్తావు?" అంది అమ్మ. "దూడ నీది. దుంపలు నావి."

"ఇది లేవడం లేదు, అమ్మా!"

"నాకు కళ్ళు కనబడుతూనే ఉన్నాయి."

నాట్‌కు ఏడుపొచ్చింది, ఆ తర్వాత ఒళ్ళు మండింది, ఆ తర్వాత విసుగొచ్చింది. ఏం చేయాలో తోచక వాడూ బురదలో దూడ పక్కన వెల్లకిలా పడుకున్నాడు. మబ్బులు చూశాడు. చాలాసేపు చూశాడు. బ్రైట్ తల తిప్పి వాణ్ణి వాసన చూసింది. ఇదేమిటి, ఇలాంటిది ఎప్పుడూ చూడలేదే అన్నట్టు లేచి నిలబడింది, బాగా చూడటానికి. నాట్ మెల్లిగా లేచి కాడి ఎత్తాడు.

వరండాలో కత్తి చప్పుడు ఆగిపోయి చాలాసేపయిందని వాడికి అప్పుడు తెలిసింది. తలెత్తి చూసేసరికి అమ్మ చేతిలో ఒకే దుంప ఉంది, చెక్కు తీసీ తీసీ గోలీ అంతైంది.

"ఆ బట్టలు ఉతికేది కూడా నువ్వే," అంది అమ్మ, లోపలికి పోతూ.

ఆల్డెన్ కలం కింద పెట్టాడు. వంటింట్లో ఎవరో ఇప్పుడే ఆ మాట అని వెళ్ళినట్టుంది. వెనక్కి తిరిగి చూశాడు. చూడకుండా ఉండాల్సింది.

అక్కణ్ణుంచి కష్టం రాయడంలో లేదు. పొద్దున్నే ఆమె వచ్చేది. అచ్చంగా ఆమే. పుస్తకంలో ఎప్పుడు నోరు తెరిచినా నాలుగు మాటలు, ఆ నాలుగూ ముళ్ళే. నాట్ కష్టాలు నాట్ పడేవాడు, ఎందుకంటే ఆమె పడనిచ్చేది. మధ్యాహ్నానికి ఆయన రాయడం ఆపేవాడు, ఆమె పోయేది. రోజూ. ఇదివరకు ఇల్లు ఉత్తినే ఖాళీగా ఉండేది. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం కొత్తగా ఖాళీ అయ్యేది. ఆ కల్పించిన చల్లని తల్లి ఉన్నప్పుడే నయం, ఆమె లేకపోయినా ఏమీ అనిపించేది కాదు.

మానలేదు. ప్యాకెట్లు పంపాడు. బ్రిజిడ్ ఫోను చేయలేదు. కొన్ని అక్షరదోషాలు దిద్ది తిరిగి పంపి, అడుగున "సాగండి" అని మాత్రం రాసేది. తెలివైనదే, అనుకున్నాడు. అంతకుమించి ఆమెకు ఏమీ ఇవ్వదలచుకోలేదు.

జూలైలో మళ్ళీ కొండమీది కాలేజీ. ఈసారి గదిలో గోడకు అద్దం, ఎవరో అమ్మాయి మర్చిపోయిన జడపిన్నులు. వర్క్‌షాపులో మళ్ళీ ఆయన వంతు వచ్చింది. మళ్ళీ నోరు మూసుకుని కూర్చున్నాడు. బురద అధ్యాయం గోర్డన్ పైకి చదివాడు. 'దూడ నీది, దుంపలు నావి' అన్నచోట నవ్వు ఆపుకోలేక చదవడం ఆపేశాడు. గోలీ అంతైన దుంప దగ్గరకొచ్చేసరికి గదిలో ఎవరూ నవ్వలేదు.

"ఈమె!" అంది టామ్సిన్, బల్ల చరిచి. "ఈమె నాకు తెలుసు! ఈమె దగ్గర ఒక్కరోజు కూడా ఉండలేను, ఉంటే మాత్రం జన్మంతా మర్చిపోలేను."

"తీసేయమన్నది మనమే కదా," అన్నాడు గోర్డన్ మొహమాటంగా.

"తీసేసింది వేరే ఎవరినో," అంది బ్రిజిడ్. శాలువా సర్దుకుంది. ఆల్డెన్ వైపు చూడలేదు. "ఈ అమ్మను ఉంచండి. రచయిత ఆఖరి సెమిస్టరుకు వెళ్తున్నారు. నేను సంతకం పెట్టేశాను. ఒక్క ఆఖరి పేజీ బాకీ. నాట్ పోటీ నుంచి ఇంటికొస్తాడు, ఆమె గుమ్మంలో ఉంటుంది. అక్కడ ఆమె ఏమంటుందో రాయలేదు." ఆ పైన, "ఇప్పుడు రచయిత మాట్లాడవచ్చు," అంది.

"థాంక్స్," అన్నాడు ఆల్డెన్.

బయటకు వస్తుంటే టామ్సిన్ పక్కన చేరింది. "నిజం చెప్పండి, ఆమె మీ ఆవిడే కదా? ఎవరైనా కల్పించగలరా అలాంటి మనిషిని! జనవరిలో మన పట్టాల రోజుకు తీసుకురావాలి మీరు. నేను దండం పెట్టుకోవాలి ఆవిడకి."

బ్రిజిడ్ తలుపు దగ్గర ఆగిపోయింది.

"రాదు," అన్నాడు ఆల్డెన్.

"ఎందుకు రారు? మీకు పట్టా ఇస్తుంటే!"

"ఇలాంటివాటికి రాదు. ఇంట్లో పనుంటుంది."

"అబ్బ, అచ్చం పుస్తకంలోలాగే!" అని టామ్సిన్ నవ్వుకుంటూ పోయింది. బ్రిజిడ్ ఏదో అనబోయింది. ఆయన ఆమెను దాటి నడిచాడు.

సాయంత్రం అందరూ పచ్చిక మీద చేరి మొక్కజొన్న కాల్చుకుంటున్నారు. ఎవరో బాంజో వాయిస్తున్నారు. ఆల్డెన్ గదిలో కిటికీ మూసి ఆఖరి పేజీకి కూర్చున్నాడు. నాట్ రోడ్డు మీదుగా వస్తున్నాడు, దూడల కొమ్ములకు బహుమతి రిబ్బన్లు, మొదటి బహుమతివి కాదు, మూడోవి. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

పుస్తకమంతా ఆమె ఒక్క మెత్తని మాట అనలేదు. ఒక్కటి అనవచ్చు ఇప్పుడు. ఎవరూ తప్పుపట్టరు. వాడు గెలిచి వస్తున్నాడు, చీకటి పడబోతోంది, పుస్తకం అయిపోతోంది. ఆల్డెన్ రాశాడు: "నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు," అంది అమ్మ.

పైకి చదివాడు. ఇంకోసారి చదివాడు.

ఆ మాట ఆమెది కాదు. ఆమె ఎప్పుడూ అనలేదు, ఇంకో నలభై ఏళ్ళు బతికినా అనేది కాదు. అది ఎవరి మాటో ఆయనకు తెలుసు. ఆ మాట అనాల్సినవాడు కూడా ఆమె బతికుండగా ఒక్కసారీ అనలేదు.

కొట్టేశాడు. బయట బాంజో ఆగి చప్పట్లు వినిపించాయి. కాగితం మీద ఆమె నాట్‌ను కింది నుంచి పైదాకా చూసింది. రిబ్బను చూసింది. బూట్లు చూసింది.

"పాదాలు తుడుచుకుని రా," అంది.

పుస్తకం అక్కడ ఆగింది.

మర్నాడు పొద్దున్నే బ్రిజిడ్ గది తలుపు కింద ఆ పేజీ తోసి, ఎవరికీ చెప్పకుండా బండెక్కాడు. దారంతా వాన పడింది. ఇంటి ముందు రోడ్డు చిత్తడిగా ఉంది, గుంటలు ఎవరూ పూడ్చినట్టు లేదు. సంచీ భుజాన వేసుకుని గుమ్మం ఎక్కాడు. గోనెపట్టా పొడిగా ఉంది. దాన్ని దాటి, బురద బూట్లతోనే లోపలికి నడిచాడు. వంటింటి మధ్యకు వచ్చి ఆగాడు.

నిలబడి చూశాడు.

ఎవరూ ఏమీ అనలేదు.